ఎంత విలువ అని అడిగిన నియమం, ఎవరిచ్చారని అడగలేదు

సరఫరాదారు పంపిన కానుకను ప్రభుత్వ ఉద్యోగి తీసుకున్నాడన్న వివాదం రేగిన ప్రతిసారీ వినిపించే జవాబు ఒకటే: విలువ పరిమితి దాటలేదు. ఆ మాటకు ఆధారం ఎక్కడ దొరికిందో తెలుసుకోవడానికి ఈస్టిండియా కంపెనీ కాలం దాకా వెళ్లనక్కరలేదు. 1964 చాలు.

సంతానం కమిటీ అవినీతిపై నివేదిక ఇచ్చింది, కేంద్ర విజిలెన్స్ కమిషన్ ఏర్పడింది ఆ ఏడాదే. నవంబరులో కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి వెలువడింది. అందులో 13వ నియమం కానుకల గురించి. మొదలు గట్టిగానే ఉంటుంది: మినహాయించినవి తప్ప ఏ కానుకా పుచ్చుకోకూడదు, ఉచిత ప్రయాణం, బస, భోజనం కూడా కానుకలే. మిత్రుల నుంచి తీసుకోవచ్చన్నచోట, ఆ మిత్రులకు ఉద్యోగితో అధికారిక లావాదేవీలు ఉండకూడదన్న షరతూ ఉంది.

ఇంత జాగ్రత్త నాలుగో ఉపనియమానికి వచ్చేసరికి సడలిపోయింది. మిగతా సందర్భాల్లో ఫలానా విలువ దాటితే ప్రభుత్వ అనుమతి కావాలన్నారు. దాటకపోతే? ఇచ్చినవారి బిల్లు అదే ఉద్యోగి బల్లమీద ఉన్నా ఈ ఉపనియమం నోరు మెదపదు. లావాదేవీలున్నవారి నుంచి ఆడంబరమైన విందులు, తరచూ ఆతిథ్యం వద్దని ఒక గమనిక చేర్చారు. మామూలు భోజనం కానుక కిందికి రాదని దానికి ముందే మరో గమనిక ఉంది. ఇలాంటి గొడవలన్నీ ఇక్కడే మొదలయ్యాయని నా నమ్మకం.

క్రిమినల్ చట్టం దారి వేరు. ఇచ్చినవారెవరని 1860 నాటి శిక్షాస్మృతి 165వ సెక్షనే అడిగింది. 1988 అవినీతి నిరోధక చట్టంలో అది 11వ సెక్షన్ అయింది. తన దగ్గర పని ఉన్నవారి నుంచి, పని పడబోయేవారి నుంచి ఉద్యోగి విలువైనది ఊరికే తీసుకుంటే చాలు, బదులుగా మేలు చేశాడని నిరూపించనక్కరలేదు. రూపాయల పరిమితీ లేదు. జయలలిత కేసులో సుప్రీంకోర్టు 2017లో ఆమెకు అందిన పుట్టినరోజు కానుకలు చట్టవిరుద్ధమని చెప్పింది ఈ కోవ సెక్షన్లను చూసే. 2018 సవరణ లంచమిచ్చే వాణిజ్య సంస్థలనూ శిక్ష పరిధిలోకి తెచ్చింది.

మరుసటి ఏడాది నాలుగో ఉపనియమం సవరణకు వచ్చింది. లోపం దిద్దడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. మారింది అంకెలే: గ్రూప్ ఎ, బి ఉద్యోగులకు పరిమితి 1,500 నుంచి 5,000 రూపాయలకు, గ్రూప్ సి వారికి 500 నుంచి 2,000కు పెరిగింది. ధరలు పెరిగాయి కదా అన్నది సమర్థించేవారి వాదన. ఇరుగుపొరుగు ఇచ్చేవాటికి అది సరిపోతుంది. సరఫరాదారుకు ఎందుకు వర్తించాలి?

టెండరులో ఓడినవారు ఫిర్యాదు చేస్తే శాఖ నియమావళి తెరిచి వస్తువు ధర చూస్తుంది. దర్యాప్తు సంస్థ చట్టం తెరిచి ఇచ్చినవారి ఫైలు వెతుకుతుంది. ఒకే కానుకపై రెండు తీర్పులు రావచ్చు. మిత్రులకు పెట్టిన ఆ లావాదేవీల షరతును నాలుగో ఉపనియమంలోనూ చేర్చేవరకూ వస్తూనే ఉంటాయి.