గొడవంతా వాకిట్లోనే

నెల్లూరు పొలాల్లో ఎలుకలు పట్టే యానాదులు కలుగు కనిపించగానే పార ఎత్తరు. ముందు గట్టు చుట్టూ తిరిగి, మిగతా దారులు ఎక్కడున్నాయో చూసి మట్టితో మూసేస్తారు. పొగ ఆ తర్వాతే. అడుగున చిల్లున్న కుండలో గడ్డి కుక్కి నిప్పు రాజేసి, మూతిని కలుగుకు ఆనించి, చిల్లులోంచి ఊదుతారు. చూసేవాళ్లకు పొగే గొప్పగా కనిపిస్తుంది గానీ, అసలు తెలివంతా దారులు మూయడంలోనే ఉంది. బొక్క దాక్కోవడానికి ఎంత పనికొస్తుందో, చిక్కుకుపోవడానికీ అంతే పనికొస్తుంది. అందుకే బొక్కల్లో బతికే జీవులు పోట్లాటను లోపలిదాకా రానివ్వవు, వాకిట్లోనే తేల్చుకోవాలని చూస్తాయి.

పెన్నా ఆయకట్టులో వరి గట్లను గుల్ల చేసే పందికొక్కునే చూడండి. లోపలికి పోగానే వాకిలిని వదులు మట్టితో మూసేసుకుంటుంది. పాము రావాలంటే ముందు ఆ మట్టిని దాటాలి. ఇది కాక దొడ్డిదారి ఒకటి ఉంటుంది. నేల పైభాగం దాకా తొలిచి, చివర పల్చటి మట్టి పొర మాత్రం వదిలేస్తుంది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. ప్రాణం మీదికొస్తే ఆ పొరను తలతో పొడుచుకుని బయటపడుతుంది. సాయంత్రం బొక్కలన్నీ మూసి, పొద్దున తెరుచుకున్నవాటిలోనే మందు పెట్టమని వ్యవసాయ శాఖ వాళ్లు చెప్పేది ఈ అలవాటును బట్టే. ఇంకో కొక్కు చొరబడితే మాత్రం మట్టితో పని కాదు. వెంట్రుకలు నిక్కబొడుచుకుని గుర్రుమంటూ మీదికెళ్తుంది.

మండ్రగబ్బది సూటి పద్ధతి. ఒళ్లంతా లోపల ఉంచి, లావుపాటి డెక్కల్ని వాకిటికి అడ్డం పెడుతుంది. డెక్కలు ఇంత బలంగా ఉన్న తేళ్లకు విషం సాధారణంగా తక్కువే. అలాగని వేలు పెట్టి చూడక్కర్లేదు.

ఇసుక నేలల్లో తిరిగే రెండు తలల పాముకు అడ్డం పెట్టడానికి డెక్కలూ లేవు, విషమూ లేదు. ఉన్నదల్లా మొద్దుబారిన తోక. శత్రువు మీదికొస్తే తలను చుట్టల కింద దాచి తోకను ముందుకు పెడుతుంది. దెబ్బ పడితే తోక మీద పడుతుంది, తల దక్కుతుంది. ఈ తోకను రెండో తలగా నమ్మి, ఇంట్లో ఉంటే డబ్బు కురుస్తుందని లక్షలు పోసేవాళ్లు మన జిల్లాల్లోనూ ఉన్నారు. 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద దాన్ని పట్టడం, అమ్మడం నేరం.

నన్నడిగితే ఈ విద్యలో ఎండ్రకాయల్ని మించినవి లేవు. మైపాడు, కొత్తపట్నం తీరాల్లో అడుగుల చప్పుడుకే మాయమయ్యే ఇసుక ఎండ్రకాయ డెక్క లోపలివైపు సన్నటి గాట్ల వరస ఉంటుంది. దాన్ని అదే డెక్క మొదలుకేసి రుద్ది గరగరమని హెచ్చరిస్తుంది. దీని అమెరికా చుట్టం ఇంకో అడుగు ముందుకేసింది. డెక్కలు బార్లా చాపి బెదిరిస్తున్నప్పుడు, తిండి నమిలేందుకు పొట్టలో ఉన్న పళ్లను రుద్ది గుర్రుమంటుందని 2019లో వచ్చిన పరిశోధన తేల్చింది. డెక్కలు పోట్లాటకు ఖాళీగా ఉండాలి, అరుపూ వినపడాలి. రెండు పనులూ అలా కుదిరాయి.

బకింగ్‌హామ్ కాలువ పక్క బురదలో, ఉప్పుటేర్ల ఒడ్డున ఒంటి డెక్క ఎండ్రకాయలుంటాయి. మగదానికి ఒక డెక్క వేలెడంత, రెండోది పుల్లంత. పెద్ద డెక్క ఊడిపోతే మళ్లీ మొలుస్తుంది. కొన్ని జాతుల్లో కొత్తది పొడవుకు పాతదానంతే ఉన్నా బోలుగా, బలహీనంగా ఉంటుంది. ఎదుటి మగాడికి ఆ సంగతి చూపుకు అందదు. బొంకు డెక్కతోనే చాలామందిని తరిమేస్తుంది.

ఇదే కుటుంబంలోని ఒక ఆస్ట్రేలియా జాతి మీద 2004లో వెలువడిన పరిశీలన నాకు మరీ ఇష్టం. బక్క ఎండ్రకాయ బొక్క మీదికి కొత్తవాడొస్తే, పక్కింటి బలమైన ఎండ్రకాయ తన బొక్క వదిలి వచ్చి వాడితో కలబడుతుంది. జాలితో కాదు. బక్కవాడితో సరిహద్దు తగాదా ఎప్పుడో తెగిపోయింది. వాడి చోట్లోకి బలమైనవాడొస్తే అదంతా మళ్లీ మొదలవుతుంది. అందుకే వచ్చినవాడు బక్కవాడి కంటే పెద్దగా, తనకంటే చిన్నగా ఉన్నప్పుడే సాయానికి దిగుతుంది. తనకంటే పెద్దవాడైతే గడప దాటదు.