సర్వేల్లో స్కిప్ లాజిక్: అపోహలు - వాస్తవాలు

ఒక ఆరోగ్య సర్వే మొదలైన రెండో రోజు, ఇంటర్వ్యూలు ఎలా సాగుతున్నాయో చూద్దామని సర్వేయర్ పక్కన కూర్చున్నాను. "మీకు పిల్లలున్నారా అండీ?" అని అడిగింది. ఎదురుగా ఉన్న ఆవిడ "లేరమ్మా" అన్నారు. సర్వేయర్ "లేరు" మీద నొక్కి తర్వాతి స్క్రీన్‌కి వెళ్ళింది. అక్కడ వచ్చిన ప్రశ్నను అలవాటు కొద్దీ పైకి చదివేసింది: "మీ ఆఖరి బిడ్డ వయసెంత?" ఆవిడ ఏమీ అనలేదు. కాసేపు ఆగి, "ఇంకా చాలా ప్రశ్నలున్నాయా అమ్మా?" అని మాత్రం అడిగారు.

ఆ ఫారం తయారుచేసింది నేను. ఆ ప్రశ్నకు కండిషన్ పెట్టడం మర్చిపోయింది కూడా నేనే. తర్వాత డేటా తెరిచి చూస్తే, పిల్లలు లేరన్న మరికొందరి దగ్గర వయసు గడిలో 0 అని ఉంది. ప్రశ్న తప్పనిసరి అని పెట్టాను కాబట్టి, ఏదో ఒక అంకె వేయకుండా ముందుకు పోయే దారి సర్వేయర్లకు లేకుండా పోయింది.

ఒకరిచ్చిన సమాధానాన్ని బట్టి తర్వాత ఏ ప్రశ్న కనిపించాలి, ఏది కనిపించకూడదు అని ముందే రాసిపెట్టే నియమమే స్కిప్ లాజిక్. బ్రాంచింగ్ అనీ, కండిషనల్ లాజిక్ అనీ కూడా అంటారు. దీని గురించి ఫారాలు తయారుచేసే వాళ్ళ దగ్గర నేను తరచూ వినే మాటలు, ఒకప్పుడు నేనూ నమ్మిన మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఇది సాఫ్ట్‌వేర్ వచ్చాక వచ్చిన సదుపాయం. బటన్ నొక్కితే అయిపోతుంది.

కాగితం ఫారాల కాలం నుంచీ ఇది ఉంది. "లేదు అయితే 14వ ప్రశ్నకు వెళ్ళండి" అని పక్కన బాణం గుర్తు వేసేవాళ్ళు. ఆ బాణాన్ని చూసి పాటించడం సర్వేయర్ పని. 1970లలో ఫోన్ ఇంటర్వ్యూలు కంప్యూటర్ సాయంతో చేయడం మొదలయ్యాక ఆ పని మిషన్ చేతికి వచ్చింది. నెదర్లాండ్స్ గణాంక సంస్థ 1986లో విడుదల చేసిన బ్లేజ్, అమెరికా సెన్సస్ బ్యూరో తయారుచేసిన సీఎస్‌ప్రో లాంటి సర్వే సాఫ్ట్‌వేర్లు ఆ దారిలో వచ్చినవే.

మిషన్ వచ్చాక చేతి పొరపాట్లు పోయాయి, నిజమే. కానీ కాగితం మీద ఒక సర్వేయర్ బాణం చూడకపోతే ఆ ఒక్క ఫారమే పాడయ్యేది. ఇప్పుడు కండిషన్‌లో ఒక్క తప్పు ఉంటే వెయ్యి ఫారాల్లోనూ అదే తప్పు, ఒకే చోట, ఏ చప్పుడూ లేకుండా జరుగుతుంది. అడగకూడనిది అడిగితే కనీసం ఎవరో ఒకరు ఫోన్ చేసి చెబుతారు. అడగాల్సినది అడగకుండా దాటేస్తే మాత్రం ఎవరికీ తెలియదు. కనపడని ప్రశ్న గురించి ఎవరు ఫిర్యాదు చేస్తారు?

అపోహ: లాజిక్ పెడితే సర్వే చిన్నదైపోతుంది.

సగటు సమయం తగ్గుతుంది. కానీ అందరికీ తగ్గదు. ఏ జబ్బూ లేని మనిషి ఆరోగ్య సర్వేను 6 నిమిషాల్లో ముగిస్తాడు అనుకుందాం. షుగరు, బీపీ, కీళ్ళ నొప్పులు అన్నీ ఉన్న మనిషికి ప్రతి గేటూ (అంటే "అవును" అంటేనే వివరాల్లోకి పంపే ప్రశ్న) తెరుచుకుంటుంది, ఒక్కో జబ్బు మీదా పది ప్రశ్నలొస్తాయి. అంటే ఎక్కువ ఇబ్బందిలో ఉన్నవాళ్ళకే ఎక్కువ పొడవైన సర్వే పడుతుంది. మధ్యలో వదిలేసి వెళ్ళిపోయేదీ ఎక్కువగా వాళ్ళే. అలా వెళ్ళిపోతే మనకు అన్నిటికన్నా అవసరమైన సమాధానాలే పోతాయి. అందుకే నేను సగటు చూడను. అన్ని గేట్లూ తెరుచుకునే అతి పొడవైన దారి ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి చూస్తాను. ఒకే మనిషికి మూడు జబ్బులుంటే, అందులో ఒకదాని గురించి మాత్రమే వివరంగా అడిగేలా లాటరీ పద్ధతిలో ఎంచుకోవడం మంచి దారి.

అపోహ: ఫిల్టర్ ప్రశ్న, అంటే తర్వాతి ప్రశ్నలు ఎవరికి రావాలో తేల్చే ప్రశ్న, గేటు లాంటిది మాత్రమే. అసలు ప్రశ్నలు దాని తర్వాత వస్తాయి.

నా దృష్టిలో సర్వే మొత్తంలో అన్నిటికన్నా జాగ్రత్తగా రాయాల్సినది ఫిల్టర్ ప్రశ్నే.

"మీరు పొగ తాగుతారా?" అని అడిగి, "లేదు" అన్నవాళ్ళకు ఆ విభాగం మొత్తం దాటేశాం అనుకోండి. ఇరవై ఏళ్ళు తాగి పోయిన నెలలో మానేసిన మనిషి "లేదు" అనే చెబుతాడు. అబద్ధం కాదు. కానీ ఎన్నాళ్ళు తాగాడు, ఎలా మానాడు, ఎవరు సాయం చేశారు అన్నవన్నీ ఆ ఒక్క "లేదు"తో మాయమైపోయాయి. "ఇప్పుడు తాగుతున్నాను, ఇంతకుముందు తాగేవాడిని, ఎప్పుడూ తాగలేదు" అని మూడు ముక్కలు చేస్తే ఆయనకూ ఒక దారి ఉంటుంది.

పని గురించిన ప్రశ్నలో ఈ చిక్కు ఇంకా పెద్దది. "మీరు ఉద్యోగం చేస్తున్నారా?" అంటే ఇంట్లో బట్టలు కుట్టి ఇచ్చే ఆవిడ "లేదండీ, ఇంట్లోనే ఉంటాను" అంటుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రమాణాల్లో గడిచిన వారంలో ఒక్క గంట జీతం కోసమో లాభం కోసమో పనిచేసినా పనిలో ఉన్నట్టే లెక్క. అందుకే జాగ్రత్తగా తయారైన కార్మిక సర్వేలు మొదటి "లేదు" దగ్గర ఆగిపోవు. కూలి పని గానీ, సొంత వ్యాపారం గానీ, ఇంటివాళ్ళ వ్యాపారంలో సాయం గానీ ఏమైనా చేశారా అని మళ్ళీ మళ్ళీ తట్టి అడుగుతాయి. ఒక్క ప్రశ్నతో గేటు మూసేస్తే ఆ ఆవిడ పని, సంపాదన, పని గంటలు అన్నీ లెక్కలో లేకుండా పోతాయి.

ఇంకో సంగతి. "అవును" అంటే నాలుగు ప్రశ్నలు అదనంగా వస్తున్నాయని సమాధానం ఇచ్చేవాళ్ళు త్వరగానే పసిగడతారు. మూడో ఫిల్టర్ దగ్గరికి వచ్చేసరికి "లేదు" అనడం సుఖం అని తెలిసిపోతుంది. ఫ్రౌకె క్రాయిటర్, స్టాన్లీ ప్రెసర్, రోజర్ టూరాంజో తదితరులు 2011లో ప్రచురించిన పరిశోధన ఇదే చూపించింది. ఒక్కో ఫిల్టర్ వెంటనే దాని వివరాలు అడిగితే "అవును"లు తగ్గాయి. ఫిల్టర్లన్నీ ముందు ఒకేచోట అడిగేసి, వివరాలు తర్వాత అడిగితే "అవును"లు పెరిగాయి. కాబట్టి గేట్లన్నీ ముందే పెట్టేయండి. మాట తీరు కాస్త ముక్కలైనట్టు అనిపిస్తుంది, అయినా నేను ఇదే ఎంచుకుంటాను.

అపోహ: కండిషన్ అంటే మనం మాట్లాడుకునే మాటే. రాసినట్టే పనిచేస్తుంది.

ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు, కాబట్టి కొంచెం దగ్గరగా చూద్దాం.

గూగుల్ ఫారమ్స్‌లో "అవును" అన్నవాళ్ళను రెండో సెక్షన్‌కి, "లేదు" అన్నవాళ్ళను మూడో సెక్షన్‌కి పంపారనుకోండి. "లేదు" దారి బాగానే ఉంటుంది. "అవును" అన్నవాళ్ళు మాత్రం రెండో సెక్షన్ పూర్తిచేసి నేరుగా మూడో సెక్షన్‌లోకి నడిచి వెళ్ళిపోతారు. ఎందుకంటే సెక్షన్ అయిపోయాక "తర్వాతి సెక్షన్‌కి వెళ్ళు" అన్నదే అక్కడ ముందుగా ఉండే సెట్టింగ్. రెండో సెక్షన్ చివర నాలుగో సెక్షన్‌కి వెళ్ళమని విడిగా చెప్పాలి. ఇంకో పరిమితి కూడా ఉంది. అక్కడ ఒకే సమాధానం ఎంచుకునే ప్రశ్నలకు, డ్రాప్‌డౌన్‌లకు మాత్రమే ఇలా దారి మళ్ళించగలం. చెక్‌బాక్స్‌లకు కుదరదు.

కోబో, ఓడీకే లాంటి, ఫీల్డ్‌లో ఫోన్ మీద డేటా సేకరించే టూల్స్‌లో ఎక్సెల్ షీట్‌లో రెలవెంట్ అనే కాలమ్‌లో కండిషన్ రాస్తాం. అక్కడ ఒకటి కన్నా ఎక్కువ సమాధానాలు ఎంచుకునే ప్రశ్నకు సమానం గుర్తు పెట్టి కండిషన్ రాస్తే, మనం పరీక్షించినప్పుడు చక్కగా పనిచేసినట్టే కనిపిస్తుంది. మనం ఒక్కటే టిక్ చేసి చూస్తాం కదా. ఫీల్డ్‌లో ఎవరో "బావి, కుళాయి" రెండూ టిక్ చేస్తారు. ఆ రెండూ మధ్యలో ఖాళీతో ఒకే మాటగా నిల్వ అవుతాయి. అది "బావి"కి సమానం కాదు, కాబట్టి బావి ప్రశ్నలు రావు. అలాంటి చోట సమానం గుర్తు కాదు, సెలెక్టెడ్ అనే ఫంక్షన్ వాడాలి.

మూడోది ఖాళీ సంగతి. "సమాధానం 'లేదు' కాకపోతే చూపించు" అని రాస్తే మనకు "అవును అంటే చూపించు" అన్నట్టే వినిపిస్తుంది. కానీ ఇంకా ఏ సమాధానమూ ఇవ్వని ఖాళీ కూడా "లేదు" కాదు. దాంతో ప్రశ్న మొదటి నుంచే కనిపిస్తుంది. "తెలియదు" అన్నవాళ్ళకూ వస్తుంది. అందుకే కాదు, కాకపోతే అనే కండిషన్లు రాయకుండా, ఏ సమాధానానికి చూపించాలో ఆ సమాధానాన్నే పేరు పెట్టి రాయడం నాకు అలవాటు.

అపోహ: ఖాళీగా ఉన్న గడి అంటే ఖాళీయే. లెక్కలు కట్టేటప్పుడు చూసుకోవచ్చు.

ఒక ఖాళీకి కనీసం మూడు కారణాలుంటాయి. ప్రశ్న ఆ మనిషికి వర్తించలేదు. వర్తించింది, కానీ చెప్పడం ఇష్టం లేదు. వర్తించింది, కానీ మధ్యలో సర్వే వదిలేశారు. మూడూ ఎక్సెల్‌లో ఒకేలా తెల్లగా కనిపిస్తాయి. గణాంకాల లెక్కలకు వాడే స్టాటా సాఫ్ట్‌వేర్‌లో అంకెల కాలమ్‌లో లేని విలువకే 27 రకాల గుర్తులున్నాయి. అవన్నీ ఉన్నది ఈ తేడాలను విడిగా దాచుకోవడానికే. అదే స్టాటాలో లేని విలువను ఏ అంకె కన్నా పెద్దదిగా లెక్కిస్తారు. "వయసు 60 దాటినవాళ్ళు" అని అడిగితే, వయసు ప్రశ్న దాటేసినవాళ్ళు కూడా ఆ లెక్కలోకి వచ్చేస్తారు.

రిపోర్టులో పెద్ద పొరపాటు శాతాల దగ్గర జరుగుతుంది. 1000 మందిని అడిగాం. 400 మంది ఆ సేవను వాడారు. వాళ్ళకు మాత్రమే "ఏమైనా ఇబ్బంది వచ్చిందా?" అనే ప్రశ్న వచ్చింది. 100 మంది వచ్చిందన్నారు. వాడినవాళ్ళలో 25 శాతం. మొత్తం మీద 10 శాతం. రెండూ సరైన లెక్కలే. కానీ "10 శాతం మందికే ఇబ్బంది" అని శీర్షిక పెడితే, ఆ సేవ ఉన్నదాని కన్నా ఎంతో బాగున్నట్టు కనిపిస్తుంది. ప్రతి పట్టిక కింద "ఈ ప్రశ్న ఎవరిని అడిగాం, ఎంతమందిని" అని ఒక వాక్యం రాయనిదే నేను రిపోర్టు పంపను.

అపోహ: వెనక్కి వెళ్ళి సమాధానం మార్చినా టూల్ చూసుకుంటుంది.

టూల్‌ని బట్టి ఉంటుంది. మొదట "అవును" అని, నాలుగు వివరాలు చెప్పి, అప్పుడు "అయ్యో, అది మా అన్నయ్య సంగతి" అని వెనక్కి వెళ్ళి "లేదు"గా మార్చారు అనుకుందాం. ఆ నాలుగు వివరాలు ఏమవుతాయి? ఓడీకే ఫారం ఖరారు చేసేటప్పుడు వాటిని తీసేస్తుంది. పరిశోధనల డేటా సేకరణకు వాడే రెడ్‌క్యాప్ తీసేయమంటారా అని అడుగుతుంది. కొన్నిటిలో తెర మీద కనిపించకుండా డేటాలో అలాగే ఉండిపోతాయి. మీరు వాడేది ఏం చేస్తుందో సర్వే మొదలయ్యే ముందే ఒకసారి చేసి చూడండి. రెండు నిమిషాల పని.

అపోహ: కండిషన్లు ఎంత ఎక్కువైతే అంత మంచిది.

కాదు. ఒక్క ప్రశ్న కోసం ఒక గేటు పెట్టేకన్నా, ఆ ప్రశ్నలోనే "నాకు వర్తించదు" అనే సమాధానం పెడితే సరిపోయే సందర్భాలు చాలా ఉంటాయి. అలాగే వాడనివాళ్ళను చివరికి పంపేయడం కూడా తొందరపాటే. ఎందుకు వాడడం లేదో వాళ్ళే చెప్పగలరు. వాళ్ళకూ రెండు ప్రశ్నల దారి ఉండాలి.

అపోహ: నేను ఒకసారి నింపి చూశాను, బాగానే ఉంది.

ఒకదానితో ఒకటి సంబంధం లేని అవును-లేదు గేట్లు 5 ఉంటే దారులు 32. పదైతే 1024. ఒకసారి నింపితే వాటిలో ఒక్క దారే చూసినట్టు. అదీ, తయారుచేసినవాళ్ళు తమకు తెలిసిన దారిలోనే నడుస్తారు.

అన్ని దారులూ చేత్తో నడవలేం. అందుకని నేను ముందు కాగితం మీద ప్రశ్నలన్నీ గడులుగా గీసి, బాణాలు వేస్తాను. ఏ బాణమూ చేరని గడి ఉందా, ఏ బాణమూ బయటికి పోని గడి ఉందా అని చూస్తాను. తర్వాత ఒక పట్టికలో పదీ పన్నెండు మంది ఊహా మనుషులను రాసుకుంటాను. పద్దెనిమిదేళ్ళు హద్దు అయితే 17, 18, 19 ఏళ్ళ ముగ్గురు. అన్నిటికీ "తెలియదు" అనే ఒకరు. అన్నీ టిక్ చేసే ఒకరు. మధ్యలో వెనక్కి వెళ్ళి మాట మార్చే ఒకరు. ప్రతి మనిషికీ ఏ ప్రశ్నలు రావాలో, ఏవి రాకూడదో ఫారం తెరవకముందే రాసిపెడతాను. తెరిచి చూశాక రాస్తే, వచ్చిందే సరైనదనిపిస్తుంది. ఆ తర్వాత ఫారంతో సంబంధం లేని మరొకరికి ఆ పట్టిక ఇచ్చి నింపమంటాను. ఫీల్డ్‌కి వెళ్ళే ప్రతి కొత్త వెర్షన్‌కీ, ఒక్క పదం మారినా సరే, ఆ పట్టిక మొదటి నుంచి నడవాల్సిందే.

ఆ పట్టికలో మొదటి వరుసలో ఎప్పుడూ ఒక ఆవిడ ఉంటుంది. పిల్లలు లేరు.