మాత్ర అమ్మకే ఎందుకిచ్చారు?

పిల్లలూ,

"ఇద్దరికీ విరేచనాలే కదా తాతయ్యా, అమ్మకేమో మాత్ర ఇచ్చి, నాకు ఉప్పూ తీపీ నీళ్లు పట్టించారేం?" అని చిన్నది అలిగి అడిగింది. అలక న్యాయమైనదే.

పేగుని పొలంలో పారే బోదె అనుకోండి. మనం తాగేవీ, ఒంట్లో ఊరేవీ కలిపి రోజుకి 8, 9 లీటర్ల నీళ్లు ఆ దారిన వస్తాయి. నిదానంగా పారితే గట్లు దాదాపు అంతా తాగేస్తాయి. బయటికి పోయేది ఓ గ్లాసుడే. వడిగా పారితే తాగే తీరికేదీ? చిన్నప్పుడు మడవ దగ్గర కాపలా నాది. గడ్డిపరక నీళ్లలో వదిలి దాని వెంట పరిగెత్తేవాణ్ని. పరక నన్ను దాటిపోతోందంటే ఆ పూట చేను సరిగా తడవదని ఎవరూ చెప్పకుండానే తెలిసేది.

అమ్మకిచ్చిన లోపరమైడ్ మాత్ర ఆ వడినే తగ్గిస్తుంది. పేగు గోడలోని నరాల మీద పనిచేసి కదలికను నెమ్మది చేస్తుంది. నల్లమందుకి దూరపు చుట్టమే, కానీ సరైన మోతాదులో మెదడుకి చేరదు. వచ్చినదాన్ని వచ్చినట్టే గుమ్మంలోంచి నెట్టేసే ఏర్పాటు అక్కడుంది. మోతాదు బాగా మించితే మాత్రం గుండె లయ తప్పుతుంది.

మరి బోదెలో విషం కలిస్తే తూము బిగిస్తామా? విరేచనంలో రక్తం పడినా, జ్వరం బాగా ఉన్నా పెద్దవాళ్లు కూడా ఈ మాత్ర సొంతంగా మింగకూడదు. రెండేళ్లలోపు పిల్లలకి ఇవ్వనే కూడదు, ఆ పైవాళ్లకి డాక్టరు చెబితేనే.

పిల్లలకి అసలు గండం ఒంట్లోంచి పోయే నీళ్లూ ఉప్పూ. మా రోజుల్లో, తాగితే ఇంకా పోతాయని నీళ్లే ఇచ్చేవారు కాదు! నాలుక పిడచకట్టుకుపోయేది. ఉప్పూ గ్లూకోజూ జంటగా వస్తే పేగు గోడ రెంటినీ లోపలికి తీసుకుంటుందనీ, వాటి వెంటే నీళ్లూ వెళ్తాయనీ తర్వాత తెలిసింది. విరేచనాలవుతున్నా ఆ దారి మూసుకోదట! ఎందుకలా అని నన్నడగకండి, నాకిప్పటికీ వింతే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా చెలరేగి, సెలైన్ అయిపోవస్తుంటే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ నీళ్లే తాగించి ఎందరినో బతికించారు.

చిన్నదీ, ఆ నీళ్లతోపాటు నీకిచ్చిన జింకు మాత్ర అమ్మ మాత్రలాంటిది కాదు, విరేచనాలు కట్టాయని మానేయకు. డాక్టరు చెప్పిన 14 రోజులూ వేసుకోవాలి.

ఆ ఉప్పూ తీపీ నీళ్ల పొడి, అదే ఓఆర్ఎస్, ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లలో కలపాలో రాసుంటుంది, అన్నే కొలిచి పొయ్యండి. చిక్కగా కలిపితే అది ఒంట్లో నీటినే పేగులోకి లాగుతుంది. నమ్మరా? రెండు ఎండుద్రాక్షలు తీసుకుని ఒకటి మంచినీళ్లలో, ఒకటి చిక్కటి పంచదార పాకంలో వేసి ఉంచండి. మర్నాటికి ఏది ఉబ్బిందో నాకు రాయండి.

మీ తాతయ్య