రూట్స్ రెగే: బర్నింగ్ స్పియర్ పాట చుట్టూ అపోహలు - వాస్తవాలు

నేను బేస్ గిటార్ వాయిస్తాను, ఎక్కువగా జమైకా సంగీతమైన రూట్స్ రెగే. ఆ పేరు ఎత్తగానే మనవాళ్లకి బాబ్ మార్లే టీషర్టు, గంజాయి పొగ గుర్తొస్తాయి. నాకు మాత్రం ముందు గుర్తొచ్చేది జమైకా గాయకుడు విన్‌స్టన్ రాడ్నీ, అంటే బర్నింగ్ స్పియర్.

అపోహ: గిటార్ మీద రెండు కార్డ్స్ (కలిపి మోగించే స్వరాలు) వస్తే రెగే వచ్చేసినట్టే.

వాస్తవం: కార్డ్స్ తక్కువే, కష్టమంతా లయలో ఉంది. వన్ డ్రాప్ అనే నడకలో డ్రమ్మర్ నాలుగు దెబ్బల్లో మొదటిది ఖాళీగా వదిలేస్తాడు. బరువంతా మూడో దెబ్బ మీద పడుతుంది. రెండు, నాలుగు మీద గిటార్ టక్కున మోగి ఆగిపోతుంది. మొదటి దెబ్బకి చప్పట్లు కొట్టే భజన అలవాటున్న చెవికి ఇది అంత త్వరగా పట్టుబడదు. ఇక పాటని మోసేది బేస్. నల్లజాతి నాయకుడు గార్వీ పేరుతో స్పియర్ 1975లో చేసిన ‘మార్కస్ గార్వీ’ ఆల్బమ్ మంచి హెడ్‌ఫోన్స్‌లో వినండి. బేస్ ఎక్కడ మోగుతోందో కాదు, ఎక్కడ ఆగుతోందో గమనించండి. ఆ ఖాళీని తొందరపడి నింపకుండా ఉండటానికే ఎక్కువ సాధన కావాలి.

అపోహ: గంజాయి తాగితేనే ఈ ఫీల్ వస్తుంది.

వాస్తవం: రాదు. రాస్తాలకి, అంటే జమైకాలో పుట్టిన రాస్తా మతం వాళ్లకి, అది ప్రార్థనలో భాగం, వాయించడానికి దగ్గరి దారి కాదు.

అపోహ: రాస్తా మతాన్ని స్థాపించింది మార్కస్ గార్వీ.

వాస్తవం: 1930లో హైలే సెలాసీ ఇథియోపియా చక్రవర్తి అయ్యాక జమైకాలో ఈ విశ్వాసం పుట్టింది. గార్వీని రాస్తాలు ప్రవక్తగా కొలుస్తారు, కానీ ఆయన రాస్తా కాదు. పైగా 1937లో సెలాసీని గట్టిగా విమర్శించారు. అయినా స్పియర్ జీవితమంతా ఆయన్నే పాడారు. ఇద్దరిదీ జమైకాలోని సెయింట్ ఆన్స్ బే ఊరే. సొంత ఊరి మనిషిని జనం మరిచిపోయారన్న బాధ ఆ గొంతులో ఇప్పటికీ వినిపిస్తుంది.

అపోహ: స్పియర్‌ని మార్లే చేయి పట్టి పైకి తెచ్చాడు.

వాస్తవం: జమైకాలోని రికార్డింగ్ స్టూడియో ‘స్టూడియో వన్’కి వెళ్లమని మార్లే చెప్పిన మాట నిజం. 1969లో అక్కడ మొదలుపెట్టాక నడిచిందంతా స్పియరే.

అపోహ: రాస్తా గాయకులకి వ్యాపారం పట్టదు.

వాస్తవం: బయటి శ్రోతల కోసమని ఐలాండ్ రికార్డ్స్ ‘మార్కస్ గార్వీ’ని మళ్లీ మిక్స్ చేసింది. అది నచ్చకే తన పాట తన చేతిలో ఉండాలని బర్నింగ్ స్పియర్ ‘స్పియర్’ అనే సొంత లేబుల్ (రికార్డుల కంపెనీ) పెట్టుకున్నారు. నా దృష్టిలో ఆయన కెరీర్‌లో అసలు మలుపు ఇదే. 2000లో ‘కాలింగ్ రాస్తాఫారై’కి గ్రామీ వచ్చింది. 2009లో రెండో గ్రామీ తెచ్చిన ‘జా ఈజ్ రియల్’ భార్య సోనియాతో కలిసి నడిపే సొంత లేబుల్ బర్నింగ్ మ్యూజిక్‌లో విడుదలైందే.