అరవై నిండితే అన్నీ వచ్చేస్తాయా? సీనియర్ సిటిజన్ రాయితీలపై అపోహలు - వాస్తవాలు

అరవయ్యో పుట్టినరోజు దాటగానే ఫోన్‌కు ఫార్వర్డులు మొదలవుతాయి. రైలు టికెట్ సగం ధరకేనట, కొండమీద నేరుగా దర్శనమట, ఇంటికే నాలుగు వేల పింఛనట. వీటిలో ఒకప్పుడు నిజమై ఇప్పుడు కానివి ఉన్నాయి, అసలు ఎన్నడూ లేనివీ ఉన్నాయి. చిక్కు ఎక్కడంటే, ‘సీనియర్ సిటిజన్’ అనే మాట ఒక్కటే అయినా వయసు లెక్క చోటును బట్టి మారుతుంది. ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ బస్సుకు 60, శ్రీవారి దర్శనానికి 65, ఆయుష్మాన్ కార్డుకు 70. రైల్లో కింది బెర్త్‌కు ఆడవాళ్లకు 45 చాలు. పైగా వీటిలో చాలావరకు మనం అడిగితే తప్ప ఎవరూ పిలిచి ఇవ్వరు.

అపోహ: అరవై దాటినవాళ్లు ఆధార్ చూపిస్తే తిరుమలలో అరగంటలో ఉచిత దర్శనం. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి స్లాట్లు. వేడి పాలు, సాంబారన్నం, కారులో దింపడం కూడా ఉంటాయి.

వాస్తవం: ఏళ్లుగా తిరుగుతున్న ఈ మెసేజ్ తప్పని టీటీడీ పలుమార్లు ఖండించింది. అయినా దాన్ని నమ్మి ఆధార్ ఒక్కటే పట్టుకుని కొండెక్కే పెద్దవాళ్లు ఉన్నారు. మోకాళ్ల నొప్పులతో అంత దూరం వచ్చి తిరిగి వెళ్లాల్సి రావడం కంటే బాధ ఏముంటుంది?

ఉన్నది ఇది. వయోవృద్ధులకు, దివ్యాంగులకు కలిపి రోజుకు 1,000 ఉచిత టోకెన్లు. వృద్ధుల కోటాకు 65 ఏళ్లు నిండాలి. అన్నీ ఆన్‌లైన్‌లోనే, టీటీడీ అధికారిక వెబ్‌సైట్‌లో, మూడు నెలల ముందుగా. ప్రతినెలా 23వ తేదీ మధ్యాహ్నం 3 గంటలకు విడుదల చేస్తారు. అంటే ఏప్రిల్‌లో దర్శనం కావాలంటే జనవరి 23న 3 గంటలకు కూర్చోవాలి. దర్శనం రోజున తిరుమల నంబి ఆలయం దగ్గరున్న సీనియర్ సిటిజన్ లైన్ నుంచి మధ్యాహ్నం 3 గంటలకు లోపలికి పంపుతారు. ఒక రూ.50 లడ్డూ ఉచితంగా ఇస్తారు.

జనం తప్పటడుగు వేసేది 23వ తేదీనే. 3 గంటలయ్యాక లాగిన్ అవ్వడం మొదలుపెడితే ఓటీపీ వచ్చేలోపే తేదీలు నిండిపోతాయి. 2.45కే లాగిన్ అయి ఉండండి. ఆధార్‌లో పేరు ఏ స్పెల్లింగ్‌తో ఉందో అదే కాగితం మీద రాసి పక్కన పెట్టుకోండి. మొదటి తేదీ దొరక్కపోతే వాడడానికి మరో రెండు తేదీలు కూడా ముందే అనుకోండి. కొడుకు, కోడలు, మనవలు అందరూ ఇదే లైన్లో వెళ్లడం కుదరదు. వాళ్లకు టికెట్లు వేరే చూసుకోవాలి.

మరి 60 నుంచి 64 మధ్యవాళ్లు? వాళ్లకు వయసు కోటా లేదు. తిరుపతిలో విష్ణు నివాసం, శ్రీనివాసం, భూదేవి కాంప్లెక్స్‌లలో ఇచ్చే టైమ్ స్లాట్ సర్వదర్శనం టోకెన్, లేదంటే రూ.300 ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్. టైమ్ ముందే తెలుస్తుంది కాబట్టి కంపార్ట్‌మెంట్లలో గంటల తరబడి కూర్చునే అవస్థ తగ్గుతుంది. ఒంట్లో బాగాలేని పెద్దవాళ్లకు ఆ తేడా చాలా పెద్దది.

అపోహ: రైలు రాయితీ మళ్లీ మొదలైంది.

వాస్తవం: మొదలవలేదు. మగవాళ్లకు 60 దాటితే 40 శాతం, ఆడవాళ్లకు 58 దాటితే 50 శాతం ఇచ్చేవారు. 2020 మార్చి 20న ఆపిన ఆ రాయితీని మళ్లీ పెట్టలేదు. ఎవరైనా ‘సీనియర్ కన్సెషన్ ఇప్పిస్తాం’ అని డబ్బు అడిగితే అది మోసమే.

మిగిలింది కింది బెర్త్ కోటా. 60 దాటిన మగవాళ్లకు, 45 దాటిన ఆడవాళ్లకు ఇది ఇప్పటికీ ఉంది, కాకపోతే ఒక మెలిక. ఆ టికెట్ మీద ఒక్కరు, మహా అయితే ఇద్దరే ఉండాలి, ఇద్దరికీ ఆ వయసు ఉండాలి. తిరుపతి నుంచి సికింద్రాబాద్‌కు నారాయణాద్రిలో అమ్మానాన్నలతో పాటు కొడుకు పేరు కూడా ఒకే పీఎన్ఆర్‌లో వేస్తే ఈ కోటా వర్తించదు, పెద్దాయనకు పై బెర్త్ పడినా పడుతుంది. పెద్దవాళ్లిద్దరికీ ఒక టికెట్, కొడుక్కి వేరే టికెట్ తీయండి. ఐఆర్‌సీటీసీలో కోటా దగ్గర ‘జనరల్’ అనే వదిలేయకుండా ‘లోయర్ బెర్త్/సీనియర్ సిటిజన్’ ఎంచుకోండి. అయినా దొరక్కపోతే రైల్లో టీటీఈని అడగండి, ఖాళీ ఉంటే మారుస్తారు.

ఆర్టీసీ సంగతి దీనికంటే తేలిక. 60 నిండితే ఆడ, మగ ఎవరికైనా 25 శాతం రాయితీ, ఏసీ బస్సుల్లో కూడా. దీనికి ప్రత్యేక సీనియర్ సిటిజన్ కార్డే ఉండాలన్నది మరో అపోహ. ఆధార్, ఓటరు కార్డు లాంటి వయసు చూపే గుర్తింపు చాలు. ఆన్‌లైన్‌లో టికెట్ తీసేటప్పుడు సీనియర్ సిటిజన్ అని ఎంచుకోవడం మరిచి, బస్సెక్కాక తగ్గించమంటే కండక్టర్ చేయగలిగింది ఏమీ లేదు.

2025 ఆగస్టు 15న ఆడవాళ్లకు ఉచిత బస్సు పథకం స్త్రీశక్తి వచ్చాక ఆడవాళ్ల లెక్క మారింది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రం లోపల వాళ్లకు వయసుతో పని లేకుండా ఉచితం. 60 దాటిన దంపతులు తిరుపతి నుంచి చిత్తూరుకు ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తే ఆవిడకు జీరో టికెట్, ఆయనకు 25 శాతం తగ్గింపు. అదే సూపర్ లగ్జరీ ఎక్కితే ఇద్దరికీ 25 శాతమే. మన తిరుపతి, చిత్తూరు వైపు సరిహద్దు ప్రాంతం కాబట్టి ఇంకో మాట: వేలూరు, చెన్నై, బెంగళూరు వెళ్లే అంతర్రాష్ట్ర బస్సుల్లో స్త్రీశక్తి లేదు. పక్క రాష్ట్రాల బస్సుల్లో మన ఆర్టీసీ నిబంధన చెల్లదు. ఎక్కే ముందు బస్సు ఎవరిదో చూడండి.

అపోహ: పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీము వడ్డీకి పన్ను లేదు.

వాస్తవం: ఉంది. స్కీము మాత్రం మంచిది. 2023 ఏప్రిల్ నుంచి వడ్డీ 8.2 శాతం, గరిష్ఠంగా రూ.30 లక్షలు వేయొచ్చు, గడువు 5 ఏళ్లు. లక్షకు మూడు నెలలకోసారి రూ.2,050 చేతికొస్తుంది. వడ్డీ రేటును ప్రతి త్రైమాసికం సమీక్షిస్తారు, కానీ మీరు ఖాతా తెరిచిన రోజున్న రేటు ఐదేళ్లూ మారదు. ఏడాది లోపే మూసేస్తే అప్పటిదాకా ఇచ్చిన వడ్డీని అసలులోంచి కోసుకుంటారు. రెండేళ్లలోపు అయితే 1.5 శాతం, ఆ తర్వాత 1 శాతం కోత. అందుకే ఆసుపత్రి ఖర్చుకని దాచిన డబ్బు ఇందులో వేయకండి.

పన్ను దగ్గరికొస్తే, ఏడాది వడ్డీ లక్ష దాటితే టీడీఎస్, అంటే ముందస్తు పన్ను, వడ్డీలోంచే కోస్తారు. 2025 ఏప్రిల్‌కు ముందు ఈ హద్దు రూ.50,000. రూ.12 లక్షలు వేస్తే ఏడాదికి రూ.98,400, కోత లేదు. రూ.13 లక్షలు వేస్తే రూ.1,06,600, కోత మొదలు. కోత పడిందంటే పన్ను కట్టాల్సిందేనని అర్థం కాదు. మీ మొత్తం ఆదాయం మీద పన్ను సున్నా అయితే, అందరూ 15హెచ్ అని పిలిచే ప్రకటన ఫారం ఇవ్వాలి. దాన్ని ఏప్రిల్ మొదటి వారంలోనే, డబ్బున్న ప్రతి బ్యాంకులో, పోస్టాఫీసులో విడివిడిగా, ప్రతి ఏడాదీ ఇవ్వాలి. పాన్ ఇవ్వకపోతే ఫారం చెల్లదు, 20 శాతం కోస్తారు. ఒకసారి కోసిన డబ్బును బ్యాంకు తిరిగివ్వదు, రిటర్న్ వేసి రీఫండ్ తెచ్చుకోవాల్సిందే. చిన్న మొత్తమని వదిలేయకండి, అది మీ డబ్బు.

భార్యాభర్తల ఉమ్మడి ఖాతాలో మొత్తం జమ మొదటి పేరు వారిదిగానే లెక్క. ఇద్దరికీ 60 నిండితే ఎవరి పేరున వాళ్లు విడిగా తెరవడం మేలు. వడ్డీలో రూ.50,000 మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉందన్నది కూడా మరవొద్దు.

అపోహ: 60 దాటితే నాలుగు వేల పింఛను అందరికీ.

వాస్తవం: ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పథకం ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధాప్య పింఛను నెలకు రూ.4,000, కానీ అర్హత మొత్తం కుటుంబాన్ని చూసి తేలుస్తారు. నెల ఆదాయం పల్లెలో రూ.10,000, పట్టణంలో రూ.12,000 దాటకూడదు. భూమికి, కరెంటుకు కూడా హద్దులున్నాయి: మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు, కరెంటు సగటున నెలకు 300 యూనిట్లు. సొంత కారు ఉండకూడదు, ట్యాక్సీ, ఆటో, ట్రాక్టర్ అయితే ఫర్వాలేదు. చాలా అర్జీలు తిరగొట్టబడేది ఇక్కడే: వేరు కాపురం పెట్టిన కొడుకు పేరు గ్రామ, వార్డు సచివాలయం రికార్డులో ఇంకా అదే ఇంటి కింద ఉంటుంది, అతడి కారు తల్లి ఖాతాలో పడుతుంది. అర్జీ పెట్టేముందు ఆ రికార్డు చూపించమని అడగండి. పింఛను వస్తున్నవాళ్లు పిల్లల దగ్గరికి వెళ్లి రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెలలో కలిపి ఇస్తారు, మూడో నెల కూడా తప్పితేనే ఇబ్బంది.

అపోహ: ఆయుష్మాన్ కార్డు పేదలకే.

వాస్తవం: 2024 అక్టోబర్ 29న మొదలైన వయ్ వందన కార్డుకు ఆదాయంతో పని లేదు, ఆధార్ ప్రకారం 70 నిండితే చాలు. ఏడాదికి రూ.5 లక్షల దాకా ఉచిత వైద్యం, ఇంట్లో 70 దాటినవాళ్లు ఇద్దరుంటే ఇద్దరికీ కలిపి. ఓపీ చూపించుకోవడానికి, నెలనెలా బీపీ, షుగర్ మాత్రలకు పనికిరాదు, అడ్మిట్ అయితేనే. కార్డు ముందే చేయించుకోండి, ఎందుకంటే ఆధార్‌తో గుర్తింపు సరిచూసే ఈకేవైసీలో ఏళ్ల తరబడి చెరకు కొట్టి, బెల్లం వండిన చేతుల వేలిముద్రలు చాలాసార్లు పడవు. అప్పుడు ఆధార్‌కు లింకైన ఫోన్‌కు వచ్చే ఓటీపీయో, ముఖ గుర్తింపో కావాలి. ఆ ఫోన్ నంబరు ఎప్పుడో మారిపోయి ఉంటే అత్యవసరంలో చేతులు కట్టేసినట్టే.

ఆధార్‌లో పుట్టిన తేదీ కూడా ఇప్పుడే చూసుకోండి. చాలామంది పెద్దవాళ్లకు ఎవరో అంచనాగా వేసిన ఏడాది ఉంటుంది. మామూలుగా తేదీని ఒక్కసారే మార్చనిస్తారు, కాబట్టి పదో తరగతి సర్టిఫికెట్టో, పాస్‌పోర్టో చేతిలో పెట్టుకునే ఆధార్ సెంటర్‌కు వెళ్లండి.