మసకకూ ఒక లెక్క ఉంది

పోయిన వేసవిలో అమ్మ పెరట్లో పీట మీద కూర్చుని బియ్యం చెరుగుతుంటే ఫోన్‌తో ఒక ఫొటో తీశాను. వెనక దండెం మీద ఆరేసిన బట్టలు, నీళ్ల డ్రమ్ము, వేపచెట్టు. చూపు అమ్మ మీదే నిలవాలని, వెనకున్నవాటిని ఫోనే మసక చేసే పోర్ట్రెయిట్ మోడ్ పెట్టాను. ఫోన్ తెర మీద చూస్తే చాలా బాగుంది. ప్రింట్ వేయిద్దామని కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తే గుండె జారిపోయింది. చేట సగం స్పష్టంగా ఉంది, మిగతా సగం వేపచెట్టుతో పాటు మసకలో కలిసిపోయింది. జడలోని మల్లెపూలు కత్తెరతో కత్తిరించినట్టు తెగిపోయాయి. చేటలోంచి గాల్లోకి లేచిన గింజలైతే అసలు లేనే లేవు.

మామూలు ఫొటోను కూడా ఫోన్ దాచి ఉంచింది కాబట్టి సరిపోయింది. దాన్ని తీసుకుని, బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ నేనే చేద్దామని గింప్ తెరిచాను. గింప్ ఉచితంగా దొరికే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్. ఒక సాయంత్రంలో అయిపోతుందనుకున్న పని నాలుగు రోజులు పట్టింది. కెమెరా లెన్స్ దూరాన్ని మసక రూపంలో రాస్తుందని ఆ నాలుగు రోజుల్లోనే నాకు నిజంగా అర్థమైంది. ఏ వస్తువు ఎంత దూరంలో ఉందో పట్టించుకోకుండా బ్లర్ చేస్తే, చూసేవాళ్లకి కారణం తెలియకపోయినా ఏదో తేడాగా ఉందని తెలిసిపోతుంది.

లెన్స్‌లో జరిగేది ఇది. అమ్మ ముక్కుపుడక మీది మెరుపు నుంచి బయల్దేరిన వెలుతురు లెన్స్ మొత్తం మీద పడుతుంది. లెన్స్ ఆ కిరణాలన్నిటినీ వంచి మళ్లీ ఒక్క చోట కలుపుతుంది. సరిగ్గా అక్కడ సెన్సర్, అంటే వెలుతురుని పట్టి బొమ్మగా మార్చే పలక, ఉంటే మెరుపు చుక్కలాగే పడుతుంది. వెనక దూరంగా ఉన్న దీపం నుంచి వచ్చిన కిరణాలు మాత్రం సెన్సర్‌కి కాస్త ముందే కలిసి, దాటిపోయి, మళ్లీ విచ్చుకుంటాయి. సెన్సర్‌ని తాకేసరికి ఆ చుక్క బిళ్ల అయిపోతుంది. లెన్స్ రంధ్రం గుండ్రంగా ఉంటే బిళ్ల గుండ్రంగా, రంధ్రాన్ని మూసే రేకులు ఆరు ఉంటే ఆరు పలకలుగా ఉంటుంది. మనం మసక అనేది ఇలాంటి లక్షల బిళ్లలు ఒకదాని మీద ఒకటి పడటం వల్ల వచ్చినదే.

ఈ మసక అందానికి ఫొటోగ్రాఫర్లు వాడే ‘బొకే’ అన్న మాటకీ, పెళ్లిళ్లలో ఇచ్చే పూల బొకేకీ సంబంధం లేదు. అది మసక అని అర్థం వచ్చే జపాన్ మాట. 1997లో ఒక అమెరికన్ ఫొటోగ్రఫీ పత్రిక ద్వారా ఇంగ్లిష్‌లోకి వచ్చి స్థిరపడింది.

బిళ్ల ఎంత పెద్దగా ఉండాలన్న లెక్క నాకు ఎంతో నచ్చింది, ఎందుకంటే అది టేపుతో కొలుచుకోగలిగినంత తేలిక. 50 మిల్లీమీటర్ల లెన్స్‌ని ఎఫ్ 1.8 (లెన్స్ రంధ్రం ఎంత తెరిచామో చెప్పే అంకె) దగ్గర వాడితే దాని రంధ్రం వెడల్పు 50ని 1.8తో భాగించగా వచ్చినంత, అంటే దాదాపు 28 మిల్లీమీటర్లు. ఫోకస్ అమ్మ ముఖం మీద ఉంటే, చాలా దూరాన ఉన్న వీధిదీపం ఫొటోలో అమ్మ ముఖం పక్కన సరిగ్గా 28 మిల్లీమీటర్ల బిళ్లగా కనబడుతుంది. మన పది రూపాయల బిళ్ల 27 మిల్లీమీటర్లు. దాన్ని అమ్మ చెంప పక్కన పెట్టి చూస్తే ఎంత కనబడుతుందో ఆ దీపం దాదాపు అంత. ఫోన్‌లోని లెన్స్ రంధ్రం మూడు నాలుగు మిల్లీమీటర్లే కాబట్టి దాని బిళ్ల మిరియం గింజకు మించదు. ఫోన్‌తో మామూలుగా తీసిన ఫొటోలో వెనకున్న దండెం, డ్రమ్ము అన్నీ అంత స్పష్టంగా రావడానికి అదే కారణం. సాఫ్ట్‌వేర్ చేయాల్సింది మిరియాన్ని పది రూపాయల బిళ్లగా మార్చడం.

అన్ని వస్తువులకీ అదే బిళ్ల పనికిరాదు. వస్తువు అమ్మకి ఎంత వెనక ఉందో చూసి, దాన్ని కెమెరా నుంచి ఆ వస్తువుకున్న దూరంతో భాగించి, రంధ్రం వెడల్పుతో గుణించాలి. మా పెరట్లో అమ్మ కెమెరాకి 2 మీటర్ల దూరంలో ఉంది. దండెం 3 మీటర్లు, డ్రమ్ము 4, వేపచెట్టు 6. లెక్క వేస్తే దండెం మీది బట్టలకి 9 మిల్లీమీటర్ల బిళ్ల, డ్రమ్ముకి 14, చెట్టుకి 19, ఆకాశానికి 28 వచ్చాయి. ముఖం వెడల్పు 15 సెంటీమీటర్లు అనుకుంటే నా ఫొటోలో అది 600 పిక్సెళ్లు ఉంది. అంటే ఒక మిల్లీమీటరుకి 4 పిక్సెళ్లు. బట్టలకి సుమారు 37 పిక్సెళ్ల బిళ్ల, డ్రమ్ముకి 56, చెట్టుకి 75. స్లైడర్‌ని కంటికి నచ్చేదాకా జరపడం కంటే ఇది నాకు ఎంతో ధైర్యాన్నిచ్చింది.

నేల దగ్గర ఈ లెక్క ఇంకా ముఖ్యం. అమ్మ పీట కింది మట్టి స్పష్టంగా ఉండాలి, వెనక్కి వెళ్లేకొద్దీ కొద్దికొద్దిగా మసకబారాలి. చాలా ఫొటోల్లో నేలంతా ఒకే మసకగా ఉండి, మనిషి గాల్లో తేలుతున్నట్టు కనబడేది ఇందుకే. దీనికి దూరపు పటం ఒకటి గీసుకోవాలి. డెప్త్ మ్యాప్ అంటారు. దగ్గరున్నది నలుపు, దూరం తెలుపు, మధ్యలో బూడిద రంగు మెట్లు. నేల మీద నలుపు నుంచి తెలుపుకి నెమ్మదిగా మారే ఒక గ్రేడియెంట్ లాగితే చాలు, మనిషి భూమ్మీదికి దిగుతుంది.

ఇప్పుడు బ్లర్ సంగతి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో అందరికీ తెలిసినది గాసియన్ బ్లర్. గణిత శాస్త్రవేత్త గాస్ పేరు మీద వచ్చిన గంట ఆకారపు వంపు ఉంది కదా, దాని ప్రకారం ప్రతి పిక్సెల్ రంగునీ చుట్టుపక్కల వాటికి పంచుతుంది. దగ్గరి పిక్సెల్‌కి ఎక్కువ వాటా, దూరపు దానికి తక్కువ. ఇది ఇంతగా వాడుకలోకి రావడానికి ముఖ్య కారణం వేగం. 101 పిక్సెళ్ల వెడల్పున్న బ్లర్‌ని నేరుగా చేస్తే ఒక్కో పిక్సెల్‌కి 101 సార్లు 101, అంటే 10,201 గుణకారాలు. గాసియన్‌ని మాత్రం ముందు అడ్డంగా, తర్వాత నిలువుగా విడదీసి చేయొచ్చు. అప్పుడు 202 సరిపోతాయి. ఫలితం ఒక్కటే. కోటీ ఇరవై లక్షల పిక్సెళ్ల ఫొటోలో ఆ తేడా ఎంతో ఊహించుకోండి. గుండ్రటి బిళ్లని అలా విడదీయడం కుదరదు.

వేగం బాగానే ఉంది కానీ, లెన్స్ ఇచ్చే బిళ్లకి గట్టి అంచు ఉంటుంది, గాసియన్ మచ్చకి అంచే ఉండదు. వేపాకుల సందుల్లోంచి మెరిసే ఆకాశం లెన్స్‌లో అయితే తెల్లటి బిళ్లలుగా రావాలి. గాసియన్‌తో అదంతా పొగమంచు పట్టిన అద్దంలోంచి చూసినట్టు అలుక్కుపోయింది. లెన్స్ బ్లర్ అనే వేరే ఫిల్టర్ నిజమైన బిళ్లలతో పని చేస్తుంది. నిదానమే అయినా మనుషుల ఫొటోలకి అదే వాడాలన్నది నా గట్టి అభిప్రాయం.

దాన్ని వాడినా నా ఆకాశపు చుక్కలు నీరసంగా, బూడిద రంగులో వచ్చాయి. ఒక రోజంతా దీంతోనే గడిచింది. ఫొటో ఫైల్‌లో ఉండే అంకెలు వెలుతురు కొలతలు కావని అప్పుడు తెలుసుకున్నాను. మన కన్ను చీకటి ఛాయల మధ్య తేడాను బాగా పడుతుంది కాబట్టి, ఫైల్‌లో చీకటి ఛాయలకి ఎక్కువ అంకెలు కేటాయించి, వెలుగు ఛాయలని కుదిస్తారు. పూర్తి నలుపు 0, పూర్తి తెలుపు 255. ఈ రెండింటినీ సగం సగం కలిపితే 128 అని సాఫ్ట్‌వేర్ అంటుంది. నిజంగా వెలుతురుని సగం చేసి చూస్తే ఆ అంకె 188 దగ్గర ఉండాలి. తెలుపూ నలుపూ కలిసే ప్రతి చోటా ఈ తప్పు జరిగి వెలుగు చచ్చిపోతుంది. గింప్‌లో ఫొటోని 32 బిట్ లీనియర్ లైట్‌లోకి మార్చి, ఆ తర్వాత బ్లర్ చేస్తే అంకెలు నిజమైన వెలుతురులా కలుస్తాయి.

అప్పటికీ ఒక లోటు మిగిలింది. ఆకాశం ఎంత వెలుగుగా ఉన్నా కెమెరా 255 దగ్గర ఆపేస్తుంది. చొక్కా తెలుపూ 255, దానికి పదుల రెట్లు వెలిగే సూర్యుడి మెరుపూ 255. పోయిన ఆ వెలుగుని మనమే తిరిగి పెట్టాలి. ఫొటోషాప్‌లోని లెన్స్ బ్లర్‌లో హైలైట్స్ పెంచే స్లైడర్ ఉండేది ఇందుకే. నేను గింప్‌లో మెరిసే చుక్కలని మాత్రం ఎంచుకుని, బ్లర్‌కి ముందే వాటి వెలుగుని చాలా రెట్లు పెంచాను. అప్పుడు గానీ వేపచెట్టు మీద బిళ్లలు విచ్చుకోలేదు.

అంచుల కథ వేరు. మొదట్లో అమ్మని మాస్క్‌తో, అంటే ఆమె ఆకారం వరకే గీసిన ముసుగుతో, వేరు చేసి, ఫొటో మొత్తాన్ని బ్లర్ చేసి, దాని మీద అమ్మని పెట్టాను. అమ్మ చుట్టూ ఎర్రటి వెలుగు చట్రం వచ్చింది. బ్లర్ చేసేటప్పుడు ఎర్ర చీర రంగు కూడా పక్కకి కారింది మరి. దీనికి మందు ఏమిటంటే, బ్లర్ చేసేముందు బ్యాక్‌గ్రౌండ్ లేయర్‌లోంచి అమ్మని తీసేయాలి. అమ్మ ఉన్న చోటిని, ఒక చోటి బొమ్మని ఇంకో చోటికి నకలు చేసే క్లోన్ టూల్‌తో చుట్టూ ఉన్న ఆకులతో, గోడతో నింపాలి. అమ్మ వెనక ఏముందో కల్పించి గీయడం మోసంలా అనిపించింది నాకు. తర్వాత ఆలోచిస్తే, పెద్ద లెన్స్ చేసే పనీ అలాంటిదే. 28 మిల్లీమీటర్ల వెడల్పున్న లెన్స్ ఎడమ అంచు అమ్మ భుజం వెనక్కి ఒక పక్క నుంచి తొంగిచూస్తుంది, కుడి అంచు ఇంకో పక్క నుంచి. సన్నటి ఫోన్ లెన్స్‌కి ఆ చూపు లేదు. మనం ఆకులతో నింపింది ఆ చూపునే.

వెంట్రుకలు, మల్లెపూల దగ్గర ఒక పిక్సెల్‌లో సగం అమ్మ, సగం చెట్టు ఉంటాయి. పిక్సెల్‌లో ముందున్నది ఎంత శాతమో చెప్పే అంకెని ఆల్ఫా అంటారు. ఆల్ఫాతో బొమ్మలని కలిపే సూత్రాలని 1984లో లూకాస్‌ఫిల్మ్‌లో పనిచేసే థామస్ పోర్టర్, టామ్ డఫ్ ప్రకటించారు. కలపడం తేలికే, విడదీయడమే కష్టం. మన దగ్గరుండేది ఆ పిక్సెల్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం, మొత్తం మూడు అంకెలు. తెలియాల్సినవి వెంట్రుక రంగు మూడు, చెట్టు రంగు మూడు, ఆల్ఫా ఒకటి, మొత్తం ఏడు. మూడు సమీకరణాలతో ఏడు తెలియని వాటిని కనుక్కోవడం గణితంలో కుదరని పని. అందుకే సాఫ్ట్‌వేర్ చుట్టుపక్కల పిక్సెళ్లని చూసి ఊహిస్తుంది. నేను మల్లెపూలని ఒక్కొక్క రేకుగా చిన్న బ్రష్‌తో గీసుకున్నాను.

ఫోన్ ఎందుకు తప్పిందో ఇప్పుడు అర్థమవుతుంది. బొటనవేలు ముందుకి చాపి ఒక కన్ను, తర్వాత ఇంకో కన్ను మూసి చూస్తే వేలు జరిగినట్టు ఉంటుంది, దూరపు గోడ అంతగా జరగదు. ఫోన్లు దూరాన్ని ఇలాగే కొలుస్తాయి. 2014లో వచ్చిన హెచ్‌టీసీ వన్ ఎం8కీ, 2016 నాటి ఐఫోన్ 7 ప్లస్‌కీ ఇందుకోసం వెనక రెండు కెమెరాలు పనిచేశాయి. 2017లో గూగుల్ పిక్సెల్ 2 ఒకే కెమెరాతో ఆ పని చేసింది. అందులో సెన్సర్ మీది ప్రతి పిక్సెల్ రెండు సగాలుగా చీలి ఉంటుంది. ఒక సగం లెన్స్ ఎడమ వైపు నుంచి, మరో సగం కుడి వైపు నుంచి చూస్తుంది. ఆ రెండు చూపుల మధ్య ఎడం సుమారు ఒక మిల్లీమీటరు. అంత కొంచెం తేడాలోంచి దూరాన్ని పిండటం నిజంగా గొప్ప పని. ఈ కొలత ఒక్కటే చాలదు కాబట్టి, చాలా ఫొటోలు చూసి మనిషిని గుర్తుపట్టడం నేర్చుకున్న న్యూరల్ నెట్‌వర్క్ అనే ప్రోగ్రామ్ కూడా తోడుంటుంది. ఇలా బొమ్మలోంచి ఒక ఆకారాన్ని వేరుచేసే పనికి బాగా వాడుకలోకి వచ్చిన యూ-నెట్ అనే నమూనాని 2015లో జర్మనీలోని ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయంలో తయారుచేశారు. మైక్రోస్కోప్ ఫొటోల్లో జీవకణాల హద్దులు గీయడం దాని మొదటి పని. మనిషినైతే ఈ నెట్‌వర్క్‌లు ఇట్టే పడతాయి. చేట పట్టుకున్న మనిషిని నా ఫోన్‌కి ఎవరూ పెద్దగా చూపించి ఉండరని నా అనుమానం.

గాల్లోని గింజలని చివరికి ఉంచుకున్నాను. కొన్ని గింజలు అమ్మకన్నా కెమెరాకి దగ్గరగా ఎగిరాయి. ముందున్న వాటికి మసక త్వరగా పెరుగుతుంది. లెక్క ప్రకారం అమ్మకి అర మీటరు ముందున్న గింజకీ, ఒక మీటరు వెనకున్న దండేనికీ ఒకే 9 మిల్లీమీటర్ల బిళ్ల. గింజలకి అలాగే చిన్న బిళ్లలు ఇచ్చాను. చివరగా మసక భాగం మీద కొంచెం గ్రెయిన్, అంటే సన్నటి చుక్కల గరుకు, చల్లాను, లేకపోతే అది ప్లాస్టిక్‌లా నున్నగా ఉండిపోతుంది.

ఫొటో పూర్తయ్యాక అమ్మకి చూపించాను. చాలాసేపు చూసి, “చెట్టు ఏదిరా? మీ నాన్న నాటిన చెట్టు కదా, అది లేకుండా ఇదేం ఫొటో” అంది.

మళ్లీ లెక్క వేశాను. వేపాకు వెడల్పు రెండు సెంటీమీటర్లు. చెట్టు అమ్మకన్నా మూడు రెట్ల దూరంలో ఉంది కాబట్టి ఆకు అమ్మ ముఖం పక్కన 7 మిల్లీమీటర్లుగా కనబడుతుంది. 19 మిల్లీమీటర్ల బిళ్లలో అది మునిగిపోక ఏమవుతుంది? లెన్స్ రంధ్రం 28కి బదులు 8 మిల్లీమీటర్లే అనుకుంటే చెట్టు బిళ్ల 5కి తగ్గుతుంది. డెప్త్ మ్యాప్ అలాగే ఉంచి, ఆ ఒక్క అంకె మార్చి మళ్లీ చేశాను. డ్రమ్ము కూడా కాస్త తెలుస్తోంది, దండెం మీది తువ్వాలు గళ్లు కనబడుతున్నాయి. ఆకులు మెత్తగా, కానీ వేపాకులే అని తెలిసేలా వచ్చాయి. ఆ ప్రింటే ఇప్పుడు మా ఇంటి హాల్లో ఉంది.