గురుత్వానికి సాక్షిగా వజ్రపు నలుసు

తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు చేలల్లో జనం నడుం వంచి వజ్రాలు వెతకడం సీమలో ఏటా చూసేదే. అక్కడ రాయి ఎంత పెద్దదైతే అంత అదృష్టం. భౌతిక శాస్త్రవేత్తలు కోరే వజ్రం వేరు. బరువు 10⁻¹⁴ కిలోలు, వెడల్పు 2 మైక్రాన్ల (మీటరులో పది లక్షో వంతు ఒక మైక్రాన్) లోపు. అలాంటివి 2,000 కోట్లు పోగేస్తే ఒక్క క్యారెట్. పైగా దానికి లోపం ఉండి తీరాలి: ఒక కార్బన్ పరమాణువు చోట నైట్రోజన్, పక్కనే ఒక ఖాళీ. గురుత్వం క్వాంటం నియమాలకు (పరమాణు లోకాన్ని నడిపేవి) లొంగుతుందో లేదో ఈ నలుసుతో తేల్చవచ్చని 2017లో భౌతిక శాస్త్రవేత్త సౌగతో బోస్ బృందం ప్రతిపాదించింది. అదే ఏడాది మరో ఇద్దరు శాస్త్రవేత్తలు మార్లెట్టో, వెడ్రల్ విడిగా ఇలాంటి వాదనే చేశారు.

తన గురుత్వ సిద్ధాంతాన్ని క్వాంటం సవరించక తప్పదని ఐన్‌స్టీన్ 1916లోనే రాశాడు. 1936లో సోవియట్ శాస్త్రవేత్త బ్రాన్‌స్టీన్ బలహీన గురుత్వానికి క్వాంటం రూపం కట్టాడు. రెండేళ్లకు స్టాలిన్ ప్రభుత్వం ఆయన్ను కాల్చి చంపింది. ఆ తర్వాత లెక్క మొండికేసింది. మిగతా బలాల లెక్కల్లో పుట్టే అనంతాలను కొద్దిపాటి కొలతల్లో సర్దేయవచ్చు. గురుత్వంలో మెట్టు మెట్టుకీ కొత్త అనంతం. కణాలను సన్నని తీగలుగా చూసే స్ట్రింగ్ సిద్ధాంతం, అష్టేకర్ 1986 సమీకరణాల మీద లేచిన, స్థలాన్నే చిన్న ముక్కలుగా చూసే లూప్ సిద్ధాంతం దారులు వెతికాయి గానీ, వాటి గుట్టు 10⁻³⁵ మీటర్ల దగ్గర ఉంది. అంత లోతుకు దిగే యంత్రం లేదు.

ఫైన్‌మన్ 1957లో వేసిన ప్రశ్నకు అంత లోతు అక్కర్లేదు: వస్తువు ఒకేసారి రెండు చోట్ల ఉంటే, దాని గురుత్వ క్షేత్రం ఎక్కడున్నట్టు?

ప్రయోగం అక్కడి నుంచే వచ్చింది. రెండు నలుసులను గాలి లేని గదిలో, గడ్డకట్టే చలిలో వదలాలి. మైక్రోవేవ్‌తో ఒక్కోదాని లోపంలోని స్పిన్‌ను (ఎలక్ట్రాన్లకుండే చిట్టి అయస్కాంతం లాంటి గుణం) ఒకేసారి రెండు స్థితుల్లో నిలపాలి. చోటు చోటుకీ బలం మారే అయస్కాంత క్షేత్రంతో ఆ స్థితులను 250 మైక్రాన్లు ఎడం చేయాలి; అప్పుడు నలుసు ఒకేసారి రెండు చోట్ల ఉన్నట్టు. రెండున్నర సెకన్లు ఉంచి, మళ్లీ కలిపి, స్పిన్‌లను కొలవాలి. ఇలా వేలసార్లు. గురుత్వం తప్ప మరే బంధమూ లేకుండా ఆ స్పిన్‌లు ఎంటాంగిల్ అయితే (విడివిడిగా వర్ణించలేనంతగా ముడిపడితే), మధ్యవర్తి అయిన గురుత్వం కూడా క్వాంటమే అన్నది వాదన.

చెడగొట్టేవే ఎక్కువ. నలుసుకు ఒక్కో ఎలక్ట్రాన్ అదనంగా అంటుకున్నా, వాటి విద్యుత్ వికర్షణ గురుత్వానికి దాదాపు 3,500 కోట్ల రెట్లు. మరీ దగ్గరికి జరిపితే కాసిమిర్ బలం (శూన్యంలోని క్వాంటం కదలికల వల్ల దగ్గరి వస్తువుల మధ్య పుట్టే ఆకర్షణ) గురుత్వాన్ని మింగేస్తుంది. అందుకే మధ్యలో పలుచని లోహపు తెర పెట్టాలన్నారు. దారి తప్పిన ఒక్క గాలి అణువు తగిలినా ఆ విడత వృథా.

వాదన మీదా తగువు ఉంది. క్లాసికల్ (క్వాంటం కాని) గురుత్వం కూడా ఎంటాంగిల్‌మెంట్ పుట్టించగలదని 2025లో అజీజ్, హౌల్ అనే శాస్త్రవేత్తలు రాశారు, చాలామంది ఒప్పుకోలేదు.

ల్యాబుల్లో జరిగినది ఇంకా మామూలు గురుత్వం కొలతే. 2021లో వియన్నా బృందం సుమారు 90 మిల్లీగ్రాముల బంగారు గోళపు గురుత్వాకర్షణ బలాన్ని పట్టుకుంది. ఆ గోళం ఈ వజ్రపు నలుసు కన్నా 900 కోట్ల రెట్లు బరువు.